ఇరవై దాకా లెక్కపెట్టు

ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టడంలో నాకు సాటి వచ్చేవాళ్ళు మహబూబాబాద్‌లో లేరని చాలా ఏళ్ళు గర్వపడ్డాను. బెత్తం పట్టలేదు, మిఠాయి పెట్టలేదు, దయ్యాల పేరు చెప్పి భయపెట్టలేదు. ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా ఉన్నన్నాళ్ళూ నేను వాడిన మందు ఒక్కటే. ఏడుస్తున్న పిల్లను ఎదురుగా నిలబెట్టుకుని, "నోరు ముయ్యి. ముక్కు వట్టుకో. లోపటి గాలి లోపట్నే బిగబట్టు. మనసుల ఇరవై దాక లెక్కపెట్టు. ఇరవై అయినంక మింగు" అనేదాన్ని. మొదటిసారి పదకొండుకో పన్నెండుకో వదిలేస్తారు. రెండోసారి పదిహేను దాకా వస్తారు. వారం తిరిగేసరికి ఎంత ఏడుపుగొట్టు పిల్లయినా ఇరవైకి చేరేది. మింగేది ఏమిటో నేను ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఈ మందు నాకు పుస్తకంలో దొరకలేదు. అరవై తొమ్మిదిలో జనగామలో మా ఇంట్లోనే దొరికింది. మా తమ్ముడు వెంకట్రాం అప్పుడు పి.యు.సి. చదువుతున్నాడు. తెలంగాణ ఊరేగింపులో తలకు దెబ్బ తగిలి ఇంటికొచ్చి, మూడో రోజు మధ్యాహ్నం మమ్మల్ని కన్న మా అవ్వ ఒళ్ళో పోయాడు. వాడితో పాటు ఊరేగింపులో ఉన్న ఇద్దరు పిల్లలు మా వడ్ల గుమ్ముల వెనక దాక్కుని ఉన్నారు. వాళ్ళకోసం బజారంతా వెతుకుతున్నారు. మేము గొంతెత్తి ఏడిస్తే వాడకట్టు వస్తుంది, దాని వెనక పోలీసులు వస్తారు.

"పొద్దుగూకేదాక సప్పుడు రావద్దు బిడ్డా" అన్నాడు బాపు. "వాళ్ళిద్దరు గడప దాటినంక ఏడ్సుకుందురు."

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఊపిరి బిగబట్టాను. ఇరవై దాకా లెక్కపెడితే ఏడుపు గొంతులోంచి ఒక మెట్టు కిందికి దిగింది. మళ్ళీ పైకి వచ్చింది, మళ్ళీ లెక్కపెట్టాను. తమ్ముడి కాళ్ళ దగ్గర కూర్చుని సాయంత్రం దాకా అదే పని చేశాను. చీకటి పడ్డాక ఆ పిల్లలిద్దరూ పెరటి దారిన వెళ్ళిపోయారు. బాపు తలుపేసి వచ్చి, "ఇగ ఏడ్వుండ్రి" అన్నాడు. అవ్వ ఏడ్చింది. నేను నోరు తెరిచాను, ఏమీ రాలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా రాలేదు. చూడడానికి వచ్చిన పెళ్ళివారు కూడా పిల్ల గట్టి మనిషి అనుకుంటూ వెళ్ళిపోయారు. నేను కూడా అదేదో మెప్పు అనుకున్నాను, అంత తెలివి నాది.

డెబ్బై ఒకటిలో ఈ ఉద్యోగం వచ్చింది. డెబ్బై మూడు జూన్‌లో జమ్లీ వచ్చింది.

కురవి అవతలి తండా నుంచి చత్రు అనే లంబాడీ రైతు ఆ పిల్లను తీసుకొచ్చి నా ముందు నిలబెట్టాడు. ఎనిమిదేళ్ళుంటాయి. తల్లి ఆ ఎండాకాలమే పోయింది. వెంట పిల్ల నాయనమ్మ మోతీబాయి, అద్దాల రవికె, చేతినిండా గాజులతో వచ్చి, హాస్టల్ గోడలను, బావిని, నన్ను అదే వరుసలో చూసింది. గోడలు, బావి నచ్చినట్టే ఉన్నాయి.

మూడు రోజులు జమ్లీ బాగానే ఉంది. నాలుగో రోజు దీపాలు పెట్టే వేళ వరండాలో స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని, దానికి తల ఆనించి ఏడవడం మొదలుపెట్టింది. అలాంటి ఏడుపు నేను అంతకుముందు వినలేదు. ఏడుపులో మాటలున్నాయి, వాళ్ళ భాషలో. మాటలకు వరస ఉంది. ఒక్కో పాదం ఊపిరంతా అయిపోయేదాకా సాగి, చివర ఒక వణుకుతో తెగేది. మిగతా పిల్లలు చుట్టూ చేరి నవ్వారు. వంట చేసే చిలుకమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

"గిదేం ఏడుపమ్మా, ఏడుస్తున్నదా పాట పాడుతున్నదా" అంది. "బజార్ల నిలవడి వింటున్నరు."

నాకు కోపం వచ్చింది. ఏడుపు మీద నాకు ఎప్పుడూ కోపమే. వెళ్ళి ఆ చేతులను స్తంభం నుంచి ఊడదీశాను. గట్టిగానే పట్టుకుంది. వాళ్ళ ఏడుపు ఎవరో ఒకరి మెడ పట్టుకుని ఏడ్చేదని, ఆ పిల్లకు అక్కడ మెడ ఏదీ దొరక్క స్తంభాన్ని పట్టుకుందని నాకు పదేళ్ళ తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఎదురుగా నిలబెట్టి, ముక్కు పట్టుకోమన్నాను.

జమ్లీ రెండే రోజుల్లో ఇరవైకి వచ్చింది. తెలుగు అంకెలు కూడా దానితోనే నేర్చుకుంది. శ్రావణమాసానికి ఆ పిల్ల నోటి నుంచి ఏడుపు అనేది లేదు. నాకు ఎంత నచ్చిందంటే, మరుసటి ఏడు కొత్తగా వచ్చిన చిన్నపిల్లలకు ఈ పద్ధతి నేర్పే పని దానికే అప్పగించాను. గోడ పక్కన వరసగా నిలబెట్టి, నా గొంతే తెచ్చుకుని, "ముక్కు వట్టుకో, మింగు" అంటుంటే చూసి నవ్వుకున్నాను.

చదువులో ముందుండేది. కానీ పెరిగేకొద్దీ భుజాలు పైకి లేపి కూర్చోవడం అలవాటయింది. గోడ గడియారం గంట కొట్టినా ఉలిక్కిపడేది. తలనొప్పి అనేది, నిద్ర పట్టదనేది. మాటమాటకీ పెద్ద గాలి పీల్చేది. ఎదిగే పిల్ల, రక్తం తక్కువేమో అనుకుని పాలకూర పెట్టించాను. పదమూడో ఏట ఒక మధ్యాహ్నం, మిర్చి బస్తాలు దింపుతున్న బజారు మీదుగా బడి నుంచి వస్తూ దారిలోనే కూలబడింది. కబురు అంది నేను పరుగెత్తేసరికి గాలి మీద గాలి పీలుస్తోంది. వేళ్ళు కొంకర్లు పోయాయి. పెదాలు నల్లబడ్డాయి.

"గాలి సాలుతలేదమ్మా" అంది. "గాలి సాలుతలేదు."

మిర్చి ఘాటు అన్నారు. తర్వాత మిర్చి లేని చోట కూడా వచ్చింది. అప్పుడు దమ్ము, ఉబ్బసం అన్నారు. సూదులు వేయించాను, కషాయాలు తాగించాను, కురవి వీరభద్రస్వామికి మొక్కుకున్నాను. నెలకోసారి వచ్చేది వారానికోసారి అయింది. పదో తరగతి లెక్కల పరీక్షలో ప్రశ్నల కాగితం చూసి ఊపిరి బిగబట్టిన పిల్ల బెంచీ మీది నుంచి కింద పడింది. రెండోసారి రాయించాను. రెండోసారీ అదే జరిగింది. బడి గేటు దగ్గర దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, నా ఆయుష్షు తీసుకుని ఈ పిల్లకు ఊపిరి పొయ్యమని ఎవర్ని అడగాలో తెలియక అందర్నీ అడిగాను. అంతగా ప్రేమిస్తున్నానని నాకు ఆ రోజే తెలిసింది.

ఎనభై రెండులో డాక్టర్ కుమారస్వామి కొత్తగా మహబూబాబాద్‌లో దవాఖాన పెట్టాడని తెలిసి తీసుకెళ్ళాను. ఆయన స్టెతస్కోపు వీపు మీద పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత సన్నగా చింపిన కాగితం ముక్క ఒకటి జమ్లీ మొహం ముందు పట్టుకుని, అది ఆగకుండా ఊగేటట్టు నెమ్మదిగా ఊదమన్నాడు. కాగితం ఒకసారి కదిలి ఆగిపోయింది. మళ్ళీ ఊదమన్నాడు. మళ్ళీ అంతే.

"దమ్ము కాదు గిది" అన్నాడు నాతో. "ఊపిరితిత్తులు మంచిగున్నయి."

"మరి గాలి సాలుతలేదంటది కద డాక్టర్‌సాబ్."

"సాలక కాదమ్మా, ఎక్కువై. నిండిన బిందెల ఇంక పోస్తున్నది. పీలుస్తది, ఇడువది. ఇడువకుంట మల్ల పీలుస్తది. గట్ల జేస్తే తల తిరుగుతది, వేళ్ళు వంకర పోతయి, పానం పోతున్నట్టు భయమైతది. భయమైతే ఇంకింత బిగవడతది. రోగం కాదు, అలవాటు. చిన్నప్పటి సంది పడ్డ అలవాటు." జమ్లీ వైపు తిరిగాడు. "ఊపిరి బిగబట్టుమని నీకు ఎవరన్న నేర్పిన్రా బిడ్డా?"

జమ్లీ నా వైపు చూసింది. ఒక్క క్షణమే.

"లేదు సార్" అంది.

నేను అక్కడే ఒప్పుకోవలసింది. కుర్చీలో అలాగే కూర్చున్నాను. ఆయన కాసేపు నన్ను కూడా చూసి, "మీకు బీపీ ఉన్నదా అమ్మా, మీ భుజాలు కూడ గట్లనే లేసి ఉన్నయి" అన్నాడు. ఉందన్నాను. తెల్లవారుజామున దవడలు నొప్పి పుట్టి మెలకువ వస్తుందని చెప్పలేదు.

"దీంతోని పానానికి ముప్పు లేదు కద?" అని అడిగాను.

"స్పృహ తప్పితే ఊపిరి దానంతటదే ఆడుతది. గని పడ్డ కాడ ఏమున్నదో చూడాలె. బాయి గడ్డన పడితే? పొయ్యిల పడితే?"

రిక్షాలో వస్తుంటే జమ్లీ బయటికి చూస్తూ కూర్చుంది. ఎందుకు అబద్ధం చెప్పావని నేను అడగలేదు, నన్ను కాపాడడానికి చెప్పిందని తెలుసు కాబట్టి. హాస్టల్‌కు రాగానే బీరువాలోంచి పాత రిజిస్టర్లు తీసి పేర్లు చూసుకున్నాను. రెండు వందల పైన ఉన్నారు. పెళ్ళిళ్ళయి, పిల్లల తల్లులయి, ఏ వంటింట్లో ఎవరు నోరు మూసుకుని ఇరవై దాకా లెక్కపెడుతున్నారో నాకు తెలియదు. ఆ పేర్లు రాసిన చెయ్యి నాదే, ఆ లెక్క నేర్పిందీ నేనే.

డాక్టర్ చెప్పినట్టు పొద్దున్నే జమ్లీని చాప మీద పడుకోబెట్టి, పొట్ట మీద పుస్తకం పెట్టి, నెమ్మదిగా గాలి వదలడం చేయించాను. పది అంకెలు లెక్కపెట్టేదాకా వదలాలి. ఇక్కడే నా పాపం నాకు అడ్డం తగిలింది. నేను "ఒకటి" అనగానే ఆ పిల్ల ఛాతీ బిగుసుకునేది. అంకె వినపడితే చాలు, ఊపిరికి తాళం పడేది. లెక్కపెట్టడం మానేసి చెయ్యి ఊపి చూపించాను. నా చెయ్యి ఊగుతుంటే మనసులో అదే లెక్కపెట్టుకునేది. రెండు నెలలు కష్టపడ్డాం. పుస్తకం పొట్ట మీద కదలకుండా అలాగే ఉండేది.

"నాతోని కాదమ్మా" అంది ఒక రోజు. కళ్ళు పొడిగానే ఉన్నాయి. "మీరు పరేషాన్ గాకుండ్రి."

ఆ ఏడు దసరా తర్వాత చత్రు వచ్చి కూతుర్ని తీసుకెళ్ళాడు. పద్దెనిమిది నిండుతున్నాయి, సంబంధం కుదిరింది. పిల్లవాడు భద్రు, టేకుమట్ల అవతలి తండా. నెమ్మదస్తుడట. చత్రు నన్ను పక్కకు పిలిచి, నా కన్నా పెద్ద మనిషి, రెండు చేతులూ జోడించాడు.

"దమ్ము సంగతి ఎవ్వలకు చెప్పకమ్మా. చెప్తే తిరిగిపోతరు. నా పిల్ల బతుకు ఆగమైతది."

చెప్పనన్నాను. చెప్పకుండా పంపితే అంత దూరంలో, బావి దగ్గర పడితే లేపేవాళ్ళు ఎవరు? పడితే ఏం చెయ్యాలో ఆ ఇంట్లో ఒక్కరికయినా తెలియాలి కదా? చలికాలమంతా ఇదే ఆలోచన. రెండుసార్లు భద్రు పేరున ఉత్తరం రాసి రెండుసార్లూ చింపేశాను.

పెళ్ళి ఇంకా పది రోజులుందనగా కురవి బస్సు దిగి మోతీబాయి నేరుగా హాస్టల్‌కు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నెల సంది దానికి ఏడుపు నేర్పుతున్న" అంది. "మా తాన పెండ్లిపిల్ల ఏడ్వాలె. ఢావ్లో అంటం. నాయినను, అన్నను, చిన్నమ్మను, సోపతి పిల్లలను, ఒక్కొక్కల మెడ వట్టుకొని, వాళ్ళకు చెప్పేది చెప్పి, అడిగేది అడిగి, ఏడ్సి పోవాలె. నేను గట్లనే ఏడ్సి వచ్చిన, నా కోడలు గట్లనే ఏడ్సి వచ్చింది. గిది మాట నేర్సింది, వరస నేర్సింది. సగం కాడికి వచ్చి ఊపిరి ఆపుతది. కండ్లు తేలేస్తది. ఏడుపు రాని పిల్ల ఏడున్నది? నా పిల్ల ఇక్కడికి వచ్చినప్పుడు ఏడుస్తుండె. ఏం జేసినవు చెప్పు."

చిలుకమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమెను పొమ్మనలేదు. మొత్తం చెప్పాను. స్తంభం సంగతి, ముక్కు పట్టుకోవడం, ఇరవై, మింగడం, డాక్టర్ అడిగితే నేను నోరు మూసుకుని కూర్చోవడం, అన్నీ. పదేళ్ళలో ఎవరికీ చెప్పనిది అది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నీకెవరు నేర్పిన్రు?" అంది.

"ఎవరు నేర్పలే. మా తమ్ముడు పోయిన్నాడు నాకు నేనే నేర్సుకున్న."

"వాని కోసం ఏడ్సినవా మల్ల?"

"ఏడ్వలే."

"ఎన్నేండ్లాయె?"

"పద్నాలుగు."

మోతీబాయి అప్పుడు కూర్చుంది, నా మంచం మీదే. నన్ను కూడా పక్కన కూర్చోబెట్టుకుంది. అరచెయ్యి నా పొట్ట మీద వేసి నొక్కింది. "ఇక్కడి సంది రావాలె ఏడుపు" అంది. "పొట్ట వీపుకు అంటేదాక ఇడువాలె. లోపటికి ఎట్ల తీసుకోవాలెనని ఆలోచన జెయ్యద్దు. గది దానంతటదే వస్తది. ఇడిసేదే మన పని." లేచి, కొంగు సర్దుకుని, "పెండ్లికి రా. నీ కాడ ఆగింది గద, నువ్వు లేకుంట కదలది" అని వెళ్ళిపోయింది.

ఎనభై మూడు, ఏప్రిల్. ఎండ మండిపోతోంది. తండాలో చత్రు ఇంటి ముందు వేసిన పందిరి కింద ఆడవాళ్ళందరూ గుండ్రంగా కూర్చున్నారు. నడుమ జమ్లీ, ఎర్ర పేట్యా లంగా, అద్దాల రవికె, మొహం మీద దాకా ముసుగు. ఒక పక్కన టేకుమట్ల నుంచి వచ్చిన ఆడవాళ్ళు, ఏడుపు వినడానికే వచ్చినట్టు ముందుకు వంగి కూర్చున్నారు. పిల్ల ఎంత బాగా ఏడిస్తే అంత మనసున్న పిల్లని వాళ్ళ లెక్క అట. పందిరి గుంజ దగ్గర భద్రు నిలబడి ఉన్నాడు. చత్రు ఎవరికీ కాకుండా ఊరికే చేతులు జోడించుకుని ఉన్నాడు.

జమ్లీ ముందు తండ్రి మెడ పట్టుకుంది. గొంతు లేచింది. నాలుగు మాటలు సాగి తెగింది. భుజాలు పైకి లేచాయి, దిగలేదు. మోతీబాయి వెనక నుంచి వీపు మీద ఒక్కటి చరిచింది. ఊపిరి బయటపడింది, ఇంకో నాలుగు మాటలు వచ్చాయి. తర్వాత చిన్నమ్మ. తర్వాత అన్న. ఒక్కొక్కరి దగ్గరా కష్టం పెరుగుతోంది, చరుపులు పెరుగుతున్నాయి. టేకుమట్ల ఆడవాళ్ళలో ఒకామె పక్కామె చెవిలో ఏదో చెప్పింది. చత్రు మొహం చూడలేక తల తిప్పుకున్నాను. నా చెయ్యి పట్టి ఎవరో ముందుకు లాగారు. నా వంతు వచ్చింది.

జమ్లీ నా మెడ చుట్టూ చేతులు వేసింది. పదేళ్ళు నా కళ్ళ ముందు పెరిగిన పిల్ల, ఒక్కసారి కూడా నన్ను అలా పట్టుకోలేదు. నేను పట్టుకోనివ్వలేదు. నా చెవి పక్కన గొంతు లేచింది, వాళ్ళ భాషలో, సన్నగా. నాకు అర్థం కాలేదు. ఒక పాదం పూర్తయింది. రెండో పాదం సగంలో తెగింది. ఆమె ఛాతీ నా ఛాతీకి ఆని ఉంది. పక్కటెముకలు పైకి లేచి అక్కడే ఆగిపోవడం నాకు తెలుస్తోంది. మోతీబాయి చరిచింది. కదల్లేదు. మళ్ళీ చరిచింది.

ఒకటి, రెండు, మూడు. నేను లెక్కపెడుతున్నాను. భయమేస్తే నాకు తెలిసిన పని అదొక్కటే. ఏడుకు వచ్చేసరికి నేను కూడా ఊపిరి బిగబట్టే ఉన్నానని అర్థమైంది. పన్నెండు. పదమూడు.

"ఏమన్నది?" అని మోతీబాయిని అడిగాను, ఉన్న కాస్త గాలితో.

మోతీబాయి నోరు నా చెవికి ఆనించింది. "నా ఏడుపు నీ తాన దాసిపెట్టిన అమ్మా, అంటున్నది. పదేండ్లు దాసినవు. నేను పోతున్న, ఇగ ఇచ్చెయ్యి, అంటున్నది." నా భుజం పట్టి కుదిపింది. "జవాబియ్యి. పెండ్లిపిల్ల అడిగితే వట్టుకున్నోళ్ళు ఏడ్సి జవాబియ్యాలె. ఇయ్యకుంటే దానిది కదలది."

ఇరవై దాటింది. నేను నోరు తెరిచాను. జనగామలో ఆ సాయంత్రం తెరిచినట్టే తెరిచాను, అప్పటిలాగే ఏమీ రాలేదు. ఇరవై ఐదు. నా మెడ మీద జమ్లీ వేళ్ళు పట్టు వదులుతున్నాయి. బరువంతా నా మీదకు ఒరిగింది. ముసుగు జారింది. పెదాలు నల్లబడుతున్నాయి. పందిరి గుంజ దగ్గరి నుంచి భద్రు ఒక అడుగు ముందుకు వేశాడు. టేకుమట్ల వాళ్ళు లేచి నిలబడ్డారు. చత్రు నన్నే చూస్తున్నాడు. డాక్టర్ చెప్పింది మరిచిపోయి, ఈ పిల్ల నా చేతుల్లోనే పోతుంది, నేను నేర్పిన విద్యతోనే పోతుంది అనుకున్నాను. ముప్పై.

నాకు ఏడవడానికి మాటలు లేవు. వాళ్ళకున్నట్టు మాకు ఎవరూ నేర్పలేదు. పొట్ట మీద మోతీబాయి చెయ్యి పెట్టిన చోటు ఒక్కటే గుర్తుంది. అక్కడి నుంచి ఉన్న గాలంతా బయటికి నెట్టాను. "తమ్మీ" అని వచ్చింది. ఏం వచ్చిందో వినే లోపలే ఇంకోసారి వచ్చింది. "తమ్మీ, వెంకట్రాం, పొద్దుగూకింది బిడ్డా, వాళ్ళు పోయిన్రు, గడప దాటిన్రు." అది గొంతు కాదు, వరస లేదు, తలుపు ఈడ్చినట్టుంది. పందిరి చివర పిల్లలు నవ్వారు. గాలి పోతూనే ఉంది, పొట్ట వీపుకు అంటుకుంది, ఇంక లేదు, ఇక్కడితో సరి అనుకున్నాను. అప్పుడు దానంతటదే లోపలికి వచ్చింది. పద్నాలుగేళ్ళ తర్వాత నా మొహం తడిసింది.

నా ఛాతీకి ఆనిన పక్కటెముకలు కిందికి దిగాయి. జమ్లీ నోటి నుంచి ఒక పొడుగాటి ఊపిరి నా మెడకు వేడిగా తగిలింది. దాని వెనకే గొంతు వచ్చింది, సగంలో ఆగిన పాదం ఆగిన చోటి నుంచే. ఇప్పుడు ఎవరూ వీపు చరచలేదు. పాదం చివరిదాకా వెళ్ళి, ఆ చిన్నప్పటి వణుకుతో తెగి, మళ్ళీ మొదలైంది. స్తంభాన్ని పట్టుకున్న రోజున విన్న ఏడుపే అది. నేను ఊడదీసిన చేతులే నా మెడను పట్టుకుని ఉన్నాయి. ఆమె అడుగుతోంది, నేను నా జనగామ తెలుగులో తోచింది చెప్తున్నాను. పందిరి కింద ఆడవాళ్ళు ఒక్కొక్కరే గొంతు కలిపారు. టేకుమట్ల వాళ్ళు ఎప్పుడు కూర్చున్నారో నేను చూడలేదు.

అంతా అయ్యాక మోతీబాయి చెంబుతో నీళ్ళు ఇచ్చింది. "మస్తు పాడుగున్నది నీ ఏడుపు" అంది. "ఇంకోసారి వచ్చి నేర్సుకో."

నీళ్ళు తాగి భద్రు దగ్గరికి వెళ్ళాను. చత్రుకు ఇచ్చిన మాట తప్పాను. ఊపిరి ఆగితే భయపడొద్దని, సూదులు అక్కర్లేదని, మెడ పట్టుకోనిచ్చి పక్కన కూర్చుని ముందు తనే ఊపిరి వదలాలని చెప్పాను. అప్పుడే నయమైపోయిందని చెప్పలేదు, అవలేదు కాబట్టి. కొన్నాళ్ళు బావి దగ్గరికి ఒంటరిగా పంపొద్దన్నాను. ఆ పిల్లవాడు అన్నీ విని, "ఇందాక చూసిన కదమ్మా" అన్నాడు.

సాయంత్రం ట్రాక్టర్ కదిలే ముందు జమ్లీ ముసుగు కొంచెం ఎత్తి నన్ను పిలిచింది. కళ్ళు ఉబ్బి, ముక్కు ఎర్రబడి, గుర్తుపట్టలేనట్టుంది. వంగి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"ఎంత దాక లెక్కపెట్టినవమ్మా?"

"ముప్పై ఒకటి కాడ లెక్క తప్పింది బిడ్డా" అన్నాను.